మ్యాపు మీద బంతిపూలు

ముత్తుకూరు బజారులో జిరాక్సు కొట్టు ముందు బల్ల వేసుకుని కూర్చుంటాడు రిటైరయిన సర్వేయరు గిద్యోను. బల్ల మీద తెల్లదొరల నాటి సర్వే మ్యాపు, దాని మీద ఇత్తడి స్కేలు. బొగ్గు యార్డు కింద ఊరు పోయినవాళ్లు వచ్చి అడిగితే, తమ ఇల్లు ఎక్కడుండేదో కొలిచి చూపిస్తాడు. ముఖంలో ఏదీ కదలదు. సమాధుల పండుగనాడు డెబోరా వచ్చింది. ఒక చేతిలో బంతిపూలు, ఇంకో చేతిలో సమాధికి పూయడానికి అలవాటుకొద్దీ తెచ్చిన సున్నం బకెట్టు.

"మా అమ్మ సమాధి యాడన్నా?"

స్కేలు జరిపి, చర్చి గుర్తు పక్కన వేలు పెట్టాడు. ఆమె పూలు అక్కడే పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

"మరి వదిన సమాధి?"

గిద్యోను వేలు కాస్త పక్కకు, తన భార్యను పూడ్చిన చోటికి జరిపాడు. అక్కడ కాగితం వేలి రాపిడికి అరిగిపోయి, చిల్లులోంచి బల్ల చెక్క కనిపిస్తోంది.