ప్రమాణం చేయని సిపాయి

మా మరిది భావనారాయణ ఇక లేడు. రెండు వారాల కిందటి సోమవారం ఉదయం పెడన శివారు కాలువలో, రంగు ఉడికించే పెద్ద డేగిసాలోంచి తీసిన బట్టను జాడిస్తూ జాడిస్తూ, కాస్త ఆయాసంగా ఉందని గట్టెక్కి కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందని మచిలీపట్నంలో డాక్టర్లు చెప్పారు. ఫోను వచ్చేసరికి నేను పూజలో ఉన్నాను. ఆ వార్త విన్నాక చేతిలోని అక్షింతలు ఎక్కడ వేశానో ఇప్పటికీ గుర్తు లేదు. నలభై ఆరేళ్ళ మనిషి. ముందురోజు మధ్యాహ్నమే పప్పుచారులో ఉప్పెక్కువైందని నాతో వాదులాడినవాడు. ఈశ్వరాజ్ఞను ప్రశ్నించే అలవాటు నాకు లేదు. అతన్ని ఎరిగినవారికీ, ఎరగవలసినవారికీ నాలుగు మాటలు చెప్పడం నా విధి అనిపించి ఇది రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. దివిసీమలో మా నాన్నగారే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పారు. కాస్త ఇంగ్లీషూ నేర్పారు. ఆ స్వల్ప విద్య ఒక మనిషికి అక్కరకు రావడం నా భాగ్యం.

నేను పెడన కోడలినై వచ్చిన నెలలోనే నారాయణ సైన్యం నుంచి ఇంటికి వచ్చేశాడు. అప్పటికతనికి ఇరవై ఏళ్ళు. శిక్షణలో ఏడు నెలలు గడిచాయి. కొత్త సిపాయిలందరూ దేశానికి ప్రమాణం చేసే కవాతుకు ఇంకా పంతొమ్మిది రోజులుందనగా పంపేశారు. నల్లరంగు ట్రంకుపెట్టె వీధి అరుగు మీద దింపి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"ఏం చేశావురా?" అన్నారు మా మావయ్యగారు.

"ఎర్ర జెండాని ఆకుపచ్చదనుకున్నాను నాన్నా."

తుపాకులు పేల్చే మైదానంలో ఎర్ర జెండా ఎగురుతున్నంతసేపూ ఎవరూ ముందుకు కదలకూడదు. ఆకుపచ్చది ఎత్తాకే గురిబోర్డుల దగ్గరికి వెళ్ళాలి. రోజూ నలుగురితో పాటు కదిలేవాడు కాబట్టి గడిచిపోయింది. ఆ రోజు వరుసలో ముందున్నాడు. వెలిసిన జెండా చూసి నడక సాగించాడు. వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన హవల్దారు అతన్ని నడుం పట్టుకుని నేల మీద పడేశాడు. నారాయణకు చిన్న గాయమైనా కాలేదు. ఆ హవల్దారుకి మోచేయి విరిగింది. తర్వాత కళ్ళు పరీక్ష చేస్తే ఎరుపుకీ ఆకుపచ్చకీ అతను తేడా గుర్తించలేడని బయటపడింది. మొదటి పరీక్షలో అది ఎలా దాటిపోయిందో ఎవరూ చెప్పలేదు.

మావయ్యగారు నమ్మలేదు. "అద్దకం కొంపలో పుట్టి రంగులు తెలీకపోవడమేంట్రా? మొన్నటిదాకా నా పక్కన బల్ల మీద అద్దింది ఎవరు, మీ తాతా?"

మా పని ఎరగనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేం కలంకారీ బట్ట మీద అచ్చులతో అద్దేటప్పుడు ఎరుపు ఎరుపుగా ఉండదు. పటిక నీళ్ళతో అద్దితే చాయ మాత్రం తెలుస్తుంది. డేగిసాలో వేసి ఉడికించాకే ఎరుపు పైకి తేలుతుంది. అద్దేవాడు చూసుకోవలసింది అచ్చు మూలనున్న గుర్తు ఒక్కటే. ఆ గుర్తుకు గుర్తు కలిపితే పువ్వు పక్కన పువ్వు కుదురుతుంది. నారాయణ చెయ్యి ఆ పనిలో దిట్ట. అందుకే ఇరవై ఏళ్ళ పాటు అతని కళ్ళ సంగతి అతనికీ తెలియలేదు, ఇంట్లోవాళ్ళకీ తెలియలేదు.

ఆనాటి నుంచి అతనికి ఒకటే దీక్ష. తిరిగి సైన్యంలో చేరాలి. జీతమూ కాదు, ఊళ్ళో గౌరవమూ కాదు. "ఆ పంతొమ్మిది రోజులూ పూర్తి చెయ్యాలి వదినా. ప్రమాణం చేసేసి ఆ సాయంత్రమే పంపేసినా నాకు పర్లేదు," అనేవాడు. గుడివాడలో కంటి డాక్టరు గారు చూసి, "పుట్టుకతో వచ్చింది. మందు లేదు. ఇంకో పని చూసుకో నాయనా," అన్నారు. తిరుగు బస్సులో నారాయణ కిటికీలోంచి చూస్తూ, "ఇంకో పని కావాలంటే కళ్ళ డాక్టరు దగ్గరికెందుకు, మా నాన్న దగ్గరికే వెళ్దును కదా," అన్నాడు. నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

అర్జీలు నేనే రాశాను. తెలుగులో రాసి, నాకొచ్చిన ఇంగ్లీషులో పెడితే, గుడివాడలో టైపు చేసే ఆయన తప్పులు దిద్ది పెట్టేవారు. మూడు అర్జీలకు జవాబు లేదు. నాలుగోదానికి వచ్చింది: ఫలానా సైనిక ఆసుపత్రికి వస్తే కళ్ళు మళ్ళీ పరీక్షిస్తాం. అప్పటికి ఏడాదిన్నర గడిచింది.

మచిలీపట్నంలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కరీం గారు సౌజన్యమూర్తి. రంగుచుక్కల మధ్య అంకెలు దాగుండే పరీక్ష పుస్తకం ఆయన దగ్గర ఉంది. దాన్ని మాకు ఇంటికిచ్చారు. నారాయణ దాన్ని కంఠస్థం చేయడానికి పూనుకున్నాడు. ఇది వంచన కాదా అని నా మనసు పీకుతూనే ఉంది. అయినా రోజూ పూజ ముగించి నేనే పేజీలు తిప్పాను. నెల తిరక్కుండానే తడబడకుండా చెప్పసాగాడు. సంతోషంగా కరీం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఊరికే నవ్వి, ప్రతి పేజీకీ అంచుల మీద అట్టముక్కలు పెట్టి అడిగారు. ఒక్కటీ చెప్పలేకపోయాడు.

"చుక్కలు చూశావా, అంచులు చూశావా నారాయణా?"

"మూల మీద నూనె మరక ఉంటే డెబ్బై నాలుగండీ. చిరుగుంటే ఆరు."

"సరిపోయింది! నువ్వు నేర్చుకుంది నా పుస్తకం వయసయ్యా," అని పగలబడి నవ్వారు కరీం గారు. "మిలట్రీ వాళ్ళ పుస్తకానికి నా నూనె మరకెక్కడిదీ?"

అచ్చు మూల చూసి అద్దే చెయ్యి కదా, పుస్తకాన్నీ అలాగే చదివింది. నారాయణ నొచ్చుకోలేదు. పుస్తకం మళ్ళీ ఇంటికి తెచ్చి, ఈసారి పెద్ద చుక్క పక్కన చిన్న చుక్క ఎక్కడుందో పట్టుకుని, నాలుగు నెలల్లో మొదటి నుంచీ నేర్చాడు. ఆసుపత్రిలో అడిగినవన్నీ ఒప్పు చెప్పి వచ్చాడు. కొన్నాళ్ళకు రమ్మని కాగితం వచ్చింది. మావయ్యగారు వీధిలో అందరికీ చూపించారు.

బయల్దేరడానికి వారం ఉందనగా నారాయణ నా దగ్గరికి వచ్చి ఎర్ర గుడ్డ ఒకటీ, ఆకుపచ్చ గుడ్డ ఒకటీ అడిగాడు. "కాలువ అవతలి గట్టుకెళ్ళు వదినా. నీ మొహం కనపడకుండా గుడ్డ అడ్డం పెట్టుకో. నీకు తోచినట్టు పది సార్లు ఎత్తు."

వెళ్ళాను. ఎత్తాను. నాట్లు వేస్తున్న ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా, పొలంలో రైలాపుతున్నారా?" అంది. నారాయణ అవతల నుంచి ఒక్కో రంగూ అరిచి చెబుతున్నాడు. పది అయ్యాయి.

"ఎన్నొదినా?"

పదీ ఒప్పే అంటే వెళ్ళిపోతాడు. రెండేళ్ళ తపస్సు ఫలిస్తుంది. గట్టు మీద నిలబడి భగవంతుణ్ణి తలుచుకున్నాను. ఆయన ఏమీ పలకలేదు.

"నిజం చెప్పు వదినా."

"ఆరు ఒప్పు. నాలుగు తప్పు."

వంతెన దాటి వచ్చి నా చేతిలోంచి గుడ్డలు తీసుకున్నాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నాలుగంటే నలుగురు మనుషులు వదినా. ఆ హవల్దారుకి మోచెయ్యితో పోయింది," అన్నాడు. ఆ సాయంత్రం నా చేత ఇంకో ఉత్తరం రాయించాడు. పుస్తకం బట్టీ పట్టిన సంగతి దాచకుండా రాయమన్నాడు. రాశాను. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు.

మావయ్యగారు మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగోనాడు బల్ల మీద అతని వైపు అచ్చు ఒకటి జరిపారు. అంతే. దాదాపు పాతికేళ్ళ పాటు నారాయణ ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు.

ఊళ్ళో అతన్ని మిలట్రీ నారాయణ అనేవారు. కొత్తవాళ్ళెవరైనా, "ఏ యుద్ధంలో చేశారండీ?" అని అడిగితే, "ఏడు నెలలు ట్రైనింగండీ. ప్రమాణం చెయ్యలేదు," అని వెంటనే దిద్దేవాడు. ఒకసారి కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో మహావిష్ణువు దర్శనానికి నాతో వచ్చాడు. గుడి మెట్ల మీద కూర్చుని, "దేవుడికి నా తరఫున అర్జీ ఏమైనా పెట్టావా వదినా?" అన్నాడు.

"పెట్టాను. జవాబు రాలేదు."

"మిలట్రీ వాళ్ళే నాలుగో అర్జీకి గానీ పలకలేదు. ఆయనకి ఇంకో రెండు రాయి!" అని నవ్వాడు. దుఃఖం అతన్ని వదిలిందని నేననను. దాన్ని ఇంకొకరి మీద పెట్టడం మాత్రం ఏనాడూ చూడలేదు. నా మీద అసలే పెట్టలేదు.

మొన్న దినకార్యానికి బంధువులు వీధి మొదట ఫ్లెక్సీ కట్టారు. ఫొటో కింద పెద్ద అక్షరాల్లో 'మాజీ సైనికుడు' అని ఉంది. ప్రేమతోనే వేశారు. వారికి నా నమస్సులు. ఆ మాట తీసేయించమని నేను అడిగితే మా ఆడపడుచు కొడుకు నొచ్చుకున్నాడు.

"పోయినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కకూడదా అత్తా? ఎవరికి నష్టం?"

"వాడే ఉంటే నిచ్చెనేసుకుని ఎక్కి తీసేవాడు నాయనా," అన్నాను.

కొత్తది వేయించారు. దాని మీద పేరు ఉంది, అద్దకం పనివారు అని ఉంది. దాని కింద నిలబడి చేతులు జోడించాను. ఎంతోమంది నన్ను దీవెన అడిగారు, సాయం అడిగారు. తనకు అంత నష్టమని తెలిసి కూడా నిజం చెప్పమని అడిగినవాడు నా జీవితంలో అతనొక్కడే. అలా అడిగి, విని, నన్ను మునుపటిలాగే వదినా అని పిలిచాడు. అందుకు నేను అతనికి కృతజ్ఞురాలిని. ఆ పిలుపు మా ఇంట్లో ఇక వినపడదు.