ఎనిమిది సాంచాలు, ద్రాక్ష గింజల సీసా

నాగయ్య పిక్కల మీద నరాలు చిక్కుపడ్డ నూలులా ఉబ్బి ఉంటాయి. ముప్పై ఏళ్లు ఎనిమిది సాంచాల మధ్య నిలబడి తిరిగితే ఇంకెలా ఉంటాయి? సాంచా అంటే మరమగ్గం. దారం తెగితే ముడివేయాలి, నూలు చుట్టిన కండె అయిపోతే మార్చాలి. కూర్చునేవాడికి అక్కడ పని ఉండదు. సాయంత్రానికి కాళ్లు తడిసిన మూటల్లా బరువెక్కేవి. అయినా ఆయనకు కాళ్ల కంటే సాంచాలు పోతాయన్న భయమే ఎక్కువ. ఆ సాంచాల యజమాని, ఆసామి అంబదాస్ ఒకసారి అనేశాడు కూడా: "కాళ్లు నొస్తె చెప్పు నాగన్నా, ఇంకొకనికిస్త."

ఆ సంగతి విని, బావమరిది బాలమల్లు దుబాయి నుంచి సీసా పంపాడు. నిండా ద్రాక్ష గింజల సారం నింపిన గోలీలు.

"మింగు బావా, రగతం మంచిగ తిరుగుతదట" అన్నాడు ఫోన్లో.

"ఇన్నేండ్లు గా గింజల్నే ఉమ్మేస్తిగదరా!"

పది రోజులు మింగాడు. ఆ పది రోజులూ నాగయ్య తేలుతున్నట్టే తిరిగాడు. సాంచాల మోతలో కళ్లు సగం మూతపడితే, మడమలో ఒక గింజ పగిలేది. లేత తీగ పిక్కల మీదుగా పైకి పాకేది. దాని వెంట నిలిచిపోయిన రక్తమంతా వాగులా కదిలి ఎటో చల్లని చోటికి ఎక్కిపోయేది. బరువు కాస్త తగ్గినట్టే అనిపించింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఆయన నేతగాడు. మగ్గం మీద పడుగు దారం వదులైతే బిగించడం చేతికి పట్టిన అలవాటు. నరం వదులైతే మాత్రం బిగించొద్దా? గుడ్డ పట్టీ చింపి మోకాలి కింద గట్టిగా కట్టుకుని పనిలోకి పోయాడు. మధ్యాహ్నానికి పాదం ఉబ్బి చెప్పులో పట్టలేదు.

అన్నం తెచ్చిన భార్య లస్మవ్వ అది చూసి కత్తెర అందుకుంది.

"ఏమయ్యా, కాలనుకున్నవా, పడుగనుకున్నవా?"

"ముడి ఇప్పుదమే, పట్టీ ఖరాబైతది!"

"నీ పట్టీల మన్నువడ!" అంటూ కత్తిరించేసింది. అప్పటికప్పుడే కరీంనగర్ బస్సెక్కించింది.

డాక్టరమ్మ వందన కాలు నొక్కి చూసింది.

"గోలీలు జర బరువు తగ్గిస్తయేమో. పాడైన నరాన్ని బాగుచెయ్యవు. మీరేమో పైకి పోయే రగతానికి కట్ట కట్టిన్రు. ఇగ పట్టీ పాదం కాడ మొదలువెట్టి పైకి, నేను చూపిచ్చినట్టే చుట్టాలె. గంటకోపారి కూసొని కాళ్లు ఎత్తి పెట్టాలె."

"కూసుంటె సాంచాలు పోతయమ్మా."

"కూసోకుంటె కాలికి పుండైతది. అప్పుడు ఎనిమిదీ పోతయ్."

మర్నాడు పొద్దున్నే నాగయ్య అంబదాస్ ముందు నిలబడ్డాడు.

"సేటూ, నాలుగు సాంచాలు ఇంకొకనికియ్యి. నాలుగు నాకుంచు. నడుమ నడుమ కూసుంట."

"నాలుగిటితోని ఇల్లెట్ల ఎల్తదే?"

"ఎల్లకుంటె లస్మవ్వ నన్ను తిడ్తది. కాలు పోతె నిన్ను గూడ తిడ్తది."

అంబదాస్ తల గోక్కున్నాడు. "కిటికీ కాడ కూసో మరి. తెగిన దారం కనవడాలె."

ఖాళీ పెట్టె బోర్లించి నాగయ్య కూర్చున్నాడు. గుడ్డ తానుల మీద కాళ్లు పెట్టాడు. కిటికీ వెలుగులో దూది నుసి మెల్లగా తేలుతోంది. సాంచా మీద తెల్లని గుడ్డ అంగుళం అంగుళమే దిగుతోంది. ఎంత నేశాడో గాని, అది దిగడాన్ని ఇట్లా కూర్చుని ఎన్నడూ చూడలేదు. చూస్తూనే ఉండిపోయాడు.

మూడో సాంచా మీద దారం తెగింది. కాళ్లు దించి, తొందరపడకుండా లేచాడు.