తలుపుకు అడ్డుపెట్టిన ఎర్రరాయి

మా రసాయనశాస్త్రం మాస్టారు పోయారన్న కబురు మా ఇనుప గనుల ఊరు కిరందుల్ బజారుకు చేరిన పూటే ఆయన మీద అభియోగమూ చేరింది. దహనం నుంచి తిరిగి వస్తుంటే పక్కింటి పెద్దమ్మ నన్ను ఆపింది. "ఏంది బిడ్డా, మీ సారు ఆ షెడ్డుల మత్తుమందు కాచేటోడంట గదా? సినిమాల్ల రుమాలుకు పూస్తరు సూడు, గదే." ఆ మాట పట్టుకుని వీధి పెద్దలు, మాస్టారు మాకు ప్రయోగాలు చూపించిన ఆ షెడ్డును ఈ ఆదివారం శాశ్వతంగా మూసేస్తామంటున్నారు. మాస్టారు ఇక బదులివ్వలేరు. నేనిస్తాను.

ఆయన క్లోరోఫాం చేసిన మాట నిజం. ఎంత, ఎందుకు అన్నవి ఎవరూ అడగలేదు.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా బజారులో ఒక డ్రైక్లీనింగ్ దుకాణం మూతపడింది. యజమాని పాత సీసాలోని కార్బన్ టెట్రాక్లోరైడును మురుగు నాలాలో పోయబోయాడు. ఒకప్పుడు మరకలు వదిలించిన ద్రవమే అది, కాలేయాన్ని తినేసే విషం కూడా. మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు. "నాలాలో పోస్తే ఎక్కడికెళ్తాదయ్యా? నీ బావిలోకే." సీసాకు సీలు వేయించి, అలాంటివాటిని నాశనం చేసేవాళ్లకు అప్పగించారు. పాఠం కోసం కొన్ని బొట్లు మాత్రం ఉంచుకున్నారు. ఆయన షెడ్డు లోపల, మేం కిటికీ బయట. ఇనుము ఆ విషం నుంచి ఒక క్లోరిన్‌ను లాగేయగలదనీ, అప్పుడది క్లోరోఫాం అవుతుందనీ చెప్పారు.

ఇనుము అనగానే మాకు గర్వం పొంగింది. మేం ఇనుప కొండ కింద పుట్టినవాళ్లం. మరైగూడ నుంచి వచ్చి చదువుకుంటున్న నా స్నేహితురాలు పిడికిలంత ఎర్రరాయి తెచ్చింది. మాస్టారు వద్దనలేదు. ఒక అంచు కొట్టి, పొడి చేసి, నీటితో కలిపి ఆ బొట్లున్న గొట్టంలో వేశారు. వారమంతా చూశాం. ఏమీ జరగలేదు.

"ఏంది సార్, గింత ఇనుముండి ఏం జేస్తలేదు?" అంది రాయి తెచ్చిన స్నేహితురాలు.

"ఏటమ్మా, మీ కొండ అలిగినట్టుంది." నవ్వి, తర్వాత చెప్పారు. "ఇది తుప్పులాంటిది. ఇవ్వాల్సిన ఎలక్ట్రాన్లు ఎప్పుడో ఇచ్చేసింది. కొలిమి దాటితేగానీ మళ్లీ ఇవ్వలేదు."

లేత్ దుకాణం నుంచి ఇనుప రజను తెప్పించారు. క్లోరోఫాం మరగడానికి ఆ విషం కంటే తక్కువ వేడి చాలు; కొన్నాళ్లకు గొట్టంలోని ద్రవమూ ముందుకంటే తక్కువ వేడికే మరిగింది. "మార్చేశాం సార్" అన్నాను.

"కొంత మారింది. మిగతాది ఇంకా పాతదే. ఉన్నంతే చెప్పమ్మా."

నేనెక్కిన ప్రతి వేదిక మీదా ఆ మాట నా నాలుక పట్టుకుంటుంది. కాబట్టి ఉన్నంతే చెబుతాను. క్లోరోఫాం అమాయకమైనది కాదు, అందుకే మమ్మల్ని కిటికీ దాటి రానివ్వలేదు. కానీ ఆ గొట్టంలో ఉన్నదానితో చీమకైనా నిద్ర పట్టదు. ఇలాంటి ద్రవాలతో పాడైన భూగర్భ జలాన్ని ఇనుప రజనుతోనే బాగుచేసే పద్ధతి ఉందని ఆ కిటికీ దగ్గరే విన్నాం. ఆ రోజు రాయి తెచ్చిన అమ్మాయి ఇవాళ జగదల్‌పూర్‌లో నీటి రసాయనం చదువుతోంది. సెలవుల్లో వచ్చి ఆ కిటికీ దగ్గర పాఠం చెబుతానంటోంది.

ఓడిన ఆ రాయిని మాస్టారు పారేయలేదు. గాలికి మూసుకుపోకుండా షెడ్డు తలుపుకు అడ్డుపెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది, ఒక అంచు విరిగి, వానకు మరింత ఎర్రబడి. వీధి పెద్దలారా, ఆదివారం మీరు తాళంతో వస్తే, తలుపు మూయడానికి ముందు ఆ రాయిని తీయాలి. తీయకండి.