లస్మవ్వ ప్లేడే

గోదావరిఖనిలో బొగ్గుబాయి పనివాళ్ళు వారపు సెలవును ప్లేడే అంటారు. మా బాపు గట్టయ్యకు ఆదివారం ప్లేడే. మా అమ్మ లస్మవ్వకు ఏ వారమూ లేదు. ఒక్క రోజైనా పొయ్యి మొహం చూడకుండా కూర్చోవాలని ఆమె కోరిక. అడిగితే బాపు కాదనలేదు. కాదనే మనిషైతే పోట్లాడొచ్చు. ఆయన ఆట పెట్టాడు.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం బాపు పని. ఆ దుంగల ముక్కలతోనే ఇరవై ఎనిమిది బిళ్ళలు చెక్కి, ఒక్కోదాని మీద రెండు గళ్ళు గీసి, గడికి ఆరు దాకా, చుక్కలకు బదులు బెజ్జాలు తొలిచాడు. కొత్తగూడెం నుంచి బదిలీ మీద వచ్చిన మొగిలి కాక నేర్పిన ఆట. బిళ్ళలు బోర్లించి కలిపి తలా ఏడు తీసుకోవాలి. రెండు గళ్ళలోనూ ఆరేసి ఉన్న ఆరారు బిళ్ళ ఎవరికొస్తే వాళ్ళు ముందు వేయాలి. ఆపైన వరసకు ఏదో ఒక కొసన ఉన్న చుక్కలకు జత కలపాలి. కలవకపోతే మిగిలిన కుప్పలోంచి తీసుకోవాలి. ఒకరి చెయ్యి ఖాళీ అయ్యేసరికి ఎవరి దగ్గర చుక్కలు ఎక్కువ మిగిలితే వాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళదే ఆ ఆదివారం పొయ్యి, నీళ్ళు. నేను ఓడినా, చిన్నపిల్లనని ఆ పని కూడా అమ్మకే పడేది. మా ఇంట్లో న్యాయం అలా ఉండేది.

రెండేళ్ళలో బాపు ఒక్కసారీ ఓడలేదు. అమ్మ తన రాత అనుకుంది. ఒక సాయంత్రం బాపు గడపలో కూర్చుని, కప్పును కొట్టి చూస్తే గట్టిదో డొల్లదో చెవికే తెలుస్తుందని మొగిలి కాకతో గొప్పలు పోతుంటే, బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆగింది. బిళ్ళలు తీసుకునేటప్పుడు ఆయన ప్రతిదాన్నీ గోటితో టక్కుమనిపించి తలొంచి వినేవాడు. అలవాటులే అనుకున్నాం. బెజ్జాలు ఎక్కువున్నది డొల్లగా మోగుతుంది. అది మాకు వదిలేసి, గట్టిది తను తీసుకుంటున్నాడన్నమాట.

అమ్మ గొడవ పెట్టలేదు. శనివారం సున్నం, బెల్లం కలిపి నూరి బెజ్జాలన్నీ పూడ్చింది. చుక్కలు తెల్లగా ముద్దొస్తున్నాయని బాపు మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం పొద్దున ఆయన బిళ్ళను గోటితో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. చెవి దాకా తెచ్చుకున్నాడు. ఆట ముగిసేసరికి ఆయన చేతిలో ఐదైదు, ఆరైదు మిగిలాయి. నా దగ్గర ఒకటే బిళ్ళ. అమ్మ చేతులు ఖాళీ.

"ఏం చేసినవే వీటిని? సప్పుడే వస్తలేదు," అన్నాడు, దొరికిపోయానని తెలియకుండానే.

"బాయిల వస్తె సాలు," అంది అమ్మ. "ఇంట్ల నీ చెవికి గూడ ప్లేడేనే."

తాడిని తన్నేవాడి తలదన్నేవాళ్ళు ఉంటారని నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆయనకు చెప్పి మరీ బిందె నింపనిచ్చారు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. పట్టపగలు మంచం మీద కాళ్ళు చాపుకున్న అమ్మను నేను చూడటం అదే మొదలు. సంతోషమే, అయినా నాకు ఏడుపొచ్చింది.

సోమవారం బాపు షిఫ్టుకు బయలుదేరితే అమ్మ అన్నం గిన్నె చేతికిచ్చి, "ఆడ మాత్రం మంచిగ కొట్టి ఇను," అంది. ఆయన రిటైరయ్యే దాకా, ప్లేడేలు తప్పించి, ఆ మాట చెప్పడం ఒక్కరోజూ మానలేదు.