ఏడో పట్టు కోసం బరంపురం

విశాఖపట్నంలో పొద్దున్న ఏడుంబావుకి బండెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఒక ఇత్తడి చెంబు. మార్గశిరం, బుధవారం. జనరల్ పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికింది. ఆ అదృష్టం రోజూ పట్టేది కాదు కాబట్టి, టీ కోసం కూడా లేవకుండా విజయనగరం దాకా అతుక్కుని కూర్చున్నాను. బయట పొలాలు, తాటిచెట్లు, గేటు దగ్గర ఆగిన సైకిళ్లు అన్నీ మంచులో సగం సగం కనబడుతున్నాయి. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉన్నట్టుంది నాకు.

ఎదుట సీటులో ఇచ్ఛాపురం వెళ్తున్న ఒక పెద్దావిడ సంచిలోంచి తొంగిచూస్తున్న చెంబుని గమనించింది.

"ఏటి బాబూ, సెంబట్టుకుని ఎల్తన్నావు. కాశీకేటి?"

"బరంపురానికమ్మా. ఎప్పుడో ఆటలో గెలిచిన చెంబిది. అవసరమైతే తిరిగిచ్చేద్దామని."

"గెల్సినోడెవడైనా తిరిగిత్తాడేటి," అని నవ్వి, పలాస వచ్చేదాకా నా చేత కథంతా చెప్పించింది. మీకూ అదే చెబుతాను.

నేనిప్పుడు విశాఖలో ఉంటున్నా, మాది గోపాలపూర్‌కి దక్షిణంగా చిన్న రేవు. ఎప్పుడో తరాల కిందట వచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగు చేపల వేటోళ్లం. మా ఊరి జగ్గన్న తాత ఓడల మీద కూలికి తిరిగేవాడు. ఒకసారి ఓడ పాడై ఇంగ్లండులో ఉత్తరాన ఏదో రేవులో రెండు నెలలు ఆగిపోయింది. బసలో టీవీ ఉండేది. వారం మధ్యలో, సాయంత్రం పూట పెద్ద దీపాలు వెలిగించి, కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని మనుషులు పరిగెత్తే ఆట చూపించేవారట. బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని పడేస్తే ఒక పట్టు. ఆరు పట్లలోపు బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించాలి, లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. ఓడిన జట్టు మూట కట్టుకుని ఇంటికి పోవాలి, ఆ ఏడాదికి మళ్లీ కనబడదు. తాత ఆ ఆటని బుర్రలోనూ, ఒక బంతిని పెట్టెలోనూ పెట్టుకుని వచ్చాడు. చెడుగుడు ఆడే మా వాళ్లకి అదేం బ్రహ్మవిద్య కాదు. ఇసకలో ఇట్టే నేర్చేసుకుని, గుడ్డుబంతి అని పేరు పెట్టేశారు.

ఇక గురువారం సంగతి. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో లక్ష్మీపూజ. ఆ రోజు చేప ముట్టరు. కొనేవాళ్లు లేనప్పుడు వేటకెళ్లి ఏం లాభమని మా రేవులో పడవలు ఒడ్డునే పడుకునేవి. నాలుగు గురువారాలు పనిలేని మనుషులు, ఖాళీ ఇసక. పోటీ పుట్టింది అక్కడే. మొదటి రెండు గురువారాలు ఎనిమిది జట్లు, మూడో గురువారానికి నాలుగు, నాలుగో గురువారానికి రెండు. అస్కా చెరకు రైతులు, ఖల్లికోట వాళ్లు, పురుషోత్తంపూర్ వాళ్లు కూడా బళ్లు కట్టించుకుని దిగేవారు. తర్వాత బరంపురం వీధుల్లోకి కేబుల్ తీగ వచ్చింది. సాహు బాబు అనే కేబులాయన పెళ్లిళ్లు తీసే కెమెరా తెచ్చి, ఆట తీసి, ఆ సాయంత్రమే ఏడింటికి వేసేవాడు. ఆడవాళ్లు పూజ ముగించి ప్రసాదం పళ్లెం ఒళ్లో పెట్టుకుని మరీ చూసేవారు. గదికి ఒక మూల లక్ష్మీదేవి, ఒక మూల మేము. టీవీకెక్కాక ఐదేళ్లు సాగింది ఆ వైభోగం.

పట్లు లెక్కపెట్టేది మా కామయ్య చిన్నాన్న. రేవులో చేపల లెక్కగాడు కూడా ఆయనే. ఒకటి అనకుండా "లాభం" అని మొదలెట్టి, రెండు, మూడు అంటూ చేపలు జారవిడుస్తుంటే, అమ్మేవాడూ కొనేవాడూ కిక్కురుమనేవారు కాదు. అంత నమ్మకం ఆయన చేతి మీద.

ఐదో ఏడు ఫైనల్. మాకూ పురుషోత్తంపూర్‌కీ సరిసమానంగా ఉంది. ఆఖరి నిమిషంలో బంతితో గీత దాటింది నేను. సాయంత్రం సాహు బాబు దానికి ముందు పడిన పట్లతో సహా ఆ పరుగు ఒక్కటే నాలుగుసార్లు తిప్పి తిప్పి వేశాడు. జనం వేళ్లు ముడిచి చూశారు. ఆరు కాదు, ఏడు పట్లు అన్నారు వాళ్లు. అందులో ఒకటి పట్టు కాదు, మావాడు కాలు జారి పడ్డాడు అన్నాం మేం. పురుషోత్తంపూర్ కెప్టెన్ బలరాం, నాతో ఒకే కంచంలో తిన్నవాడు, కెమెరా ముందుకొచ్చి "లెక్కగాణ్ణి కొనీసినారు" అన్నాడు. కొట్లాటలవుతాయని భయపడి సాహు బాబు క్యాసెట్టు దాచేశాడు. ఆ ఏటితో పోటీ పోయింది, గెలిచిన చెంబు నా దగ్గరే ఉండిపోయింది. అంతకన్నా ఘోరం, చేపల దగ్గర కూడా చిన్నాన్న లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇరవయ్యేళ్లుగా వలలు కుట్టుకుంటున్నాడు. ఎప్పుడడిగినా ఒకటే మాట, "ఆరే లెక్కెట్టినాను" అని. నిజమో కాదో నాకు తెలియదు. పరిగెత్తేవాడికి తన ఊపిరి లెక్క తప్ప ఇంకో లెక్క ఉండదు. తెలుసుకోవాలని ఉన్నా భయమేసి ఊరుకున్నాను. మూడు రోజుల కిందట సాహు బాబు ఫోన్ చేశాడు. ఎక్కడ దాచాడో తనే మర్చిపోయిన క్యాసెట్టు బయటపడిందట.

"మీ సిన్నాన్న అబద్దం ఆడినాడని తేల్తే?" అడిగింది పెద్దావిడ.

"చెంబు బలరాంకి ఇచ్చేస్తాను. చిన్నాన్న మొహం ఎలా చూడాలో తెలీదు."

ఆవిడ పలాసలో కొన్న జీడిపప్పు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. "తిను ముందు. తేలినప్పుడు సూద్దువుగాని."

పన్నెండు దాటాక బరంపురం. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి తెచ్చుకోవడం ఎంత తెలివైన పనో వాళ్ల దుప్పటి చూశాక అర్థమైంది. పప్పు, ఆలూ వేపుడుతో భోజనం చేసి, నాలుగింటికి సాహు బాబు ఇంటికి వెళ్లాను. కేబుల్ వ్యాపారం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అప్పడాలు అమ్ముతున్నాడు. అరుగంతా అప్పడాలే. వాటి మధ్యనుంచి చూసి అడుగులేసుకుంటూ లోపలికెళ్తే, పాత టీవీ, దాని కింద క్యాసెట్ల యంత్రం సిద్ధంగా ఉన్నాయి.

"మధ్యలో మాటాడకు. టేపు ఎన్నిసార్లు తిరుగుతుందో నాకూ తెలీదు," అన్నాడాయన.

బొమ్మ వచ్చింది. రంగులన్నీ వెలిసిపోయి సముద్రమూ ఇసకా ఒకటే అయిపోయాయి. మనుషులు నీళ్లలో పరిగెత్తుతున్నట్టు మెల్లగా కదులుతున్నారు. వాళ్లలో సన్నగా, జుట్టు ఎగురుతూ ఒకడున్నాడు. నేనే. వాణ్ణి చూస్తే నాకే ముచ్చటేసింది, కాస్త అసూయ కూడా వేసింది. సాహు బాబు ఆఖరి పరుగు దగ్గరికి తీసుకెళ్లి, పట్టు పడినప్పుడల్లా బల్ల మీద ఒక అప్పడం పెట్టడం మొదలెట్టాడు. ఆరు అప్పడాలయ్యాయి. ఆరు నిండాయన్నట్టు చిన్నాన్న చెయ్యి ముడిచాడు. ఆట ఆగలేదు. ఏడో అప్పడం పెట్టాడు సాహు బాబు. ఆ పట్టులో ఉండగానే నేను గీత దాటాను. కాలు జారడం గీలు జారడం ఏమీ లేదు. ఏడూ పట్లే.

యంత్రం ఆపమన్నాను. ఆపే ముందు ఆయన టేపు వెనక్కి తిప్పుతుంటే, చిన్నాన్న బొమ్మ మీద నా చూపు నిలిచిపోయింది. ఆరో పట్టు తర్వాత అరచెయ్యి పైకి తిప్పి, మొహం సముద్రం వైపు తిప్పేసుకున్నాడు. ఆ తీరు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇరవై చేపలు లెక్కపెట్టాక, కొన్నవాడి బుట్టలోకి కొసరు చేప జారవిడిచేటప్పుడు సరిగ్గా అలాగే మొహం తిప్పుకుంటాడు. ఇచ్చేది తన కంటికి కూడా కనబడకూడదని.

"బాబూ, మొదట్నుంచీ వెయ్యండి," అన్నాను.

ఆ సాయంత్రం బల్ల నిండా అప్పడాల దొంతరలు పేర్చాం. ఆరు పట్లు నిండిన ప్రతిసారీ ఏడో అప్పడం పడింది. మాకూ పడింది, పురుషోత్తంపూర్‌కీ పడింది. బలరాం వాళ్లు రెండుసార్లు గీత దాటితే, రెండూ ఏడో పట్టులోనే. ఆ ఐదేళ్లూ అందరం ఇలాగే కొసరు తిని ఉంటాం. ఆఖరి పరుగు ఒక్కటే తిప్పి తిప్పి చూశాం కాబట్టి, అదొక్కటే దొంగతనంగా కనబడింది.

గురువారం ఆరున్నర బస్సు. రుషికుల్యా దాటేటప్పుడు మంచులో నది కనబడలేదు, వంతెన మాత్రమే కనబడింది. పురుషోత్తంపూర్‌లో ప్రతి గడప ముందూ బియ్యప్పిండితో వేసిన లక్ష్మీపాదాలు. వాటిని తొక్కకుండా గెంతుకుంటూ బలరాం ఇల్లు చేరాను. వాడికి మీసం నెరిసింది, బొజ్జ వచ్చింది. అరుగు మీద చెంబు పెట్టాను.

"ఏటి, ఇప్పుడు తెచ్చినావు," అన్నాడు లేవకుండానే.

"ఏడేరా. నువ్వన్నది నిజమే."

"ఇరవయ్యేళ్లు పట్టింది ఒప్పుకోడానికి."

"ఇంకో మాటుంది. మీరు దాటిన రెండూ ఏడో పట్టులోనే." అప్పడాల లెక్కంతా చెప్పాను.

"అంటే అందరికీ ఇచ్చినాడా?"

"అందరికీ."

"టీవీలో అన్నాన్రా నాను. ఊరంతా ఇనేటట్టు అన్నాను." లేచి చొక్కా తొడుక్కున్నాడు. "పద."

ప్రసాదం తినకుండా కదలడానికి వీల్లేదని వాడి భార్య పళ్లెంలో కొబ్బరి పెట్టిన పిండివంటలు తెచ్చింది. మళ్లీ ఒకే పళ్లెంలో తిన్నాం.

రేవు చేరేసరికి మూడైంది. గురువారం కదా, పడవలన్నీ ఒడ్డున. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక పడవ నీడలో చిన్నాన్న వల కుడుతున్నాడు. బలరాంని చూసి సూది ఆపాడు.

"చిన్నాన్నా, ఆరు పట్లయ్యాక ఆట ఎందుకు ఆపలేదు?" అడిగాను.

"ఆరయ్యాక కొసరెయ్యొద్దేటి?"

"మరి ఇన్నేళ్లూ ఆరే అన్నావు."

"ఆరే లెక్కెట్టినాను. కొసరు లెక్కలోకి వత్తాదేటి?" ఇద్దరు తెలివితక్కువవాళ్లని చూసినట్టు చూశాడు మమ్మల్ని.

"ఆ మాట అప్పుడే సెప్పొచ్చు గదా మావా," అన్నాడు బలరాం.

"కొసరేసినానని సెప్పుకుంటారేటి ఎవులైనా? సిగ్గు నేదూ?"

బలరాం ఇసకలో కూలబడ్డాడు. "తప్పన్నాను మావా."

"అందరూ ఇన్నారు బాబూ అప్పుడు," అన్నాడు చిన్నాన్న నెమ్మదిగా, మళ్లీ సూది ఎక్కించుకుంటూ. "ఇప్పుడు నానొక్కడినే ఇంటన్నాను."

బలరాం ఆ రాత్రి ఊరెళ్లలేదు. శుక్రవారం మధ్యాహ్నం పడవలు ఒడ్డుకొచ్చాయి. కొనేవాళ్లు గుమిగూడారు. బలరాం పెద్ద బుట్ట పట్టుకుని వాళ్ల మధ్యలోకి వెళ్లాడు. "ఈయన్ని దొంగని టీవీలో అన్నోణ్ణి నానే. ఈయన దొంగ కాదు, నాకే సరిగా సూడ్డం రాలేదు. కామయ్య మావ లెక్కెడితేనే నాను కొంటాను," అన్నాడు. ఒడియాలో కూడా ఇంకోసారి చెప్పాడు. ఇప్పటి లెక్కగాడు చిన్నాన్న వైపు చూసి పక్కకి జరిగాడు.

చిన్నాన్న పంచె ఎగగట్టి కుప్ప ముందు కూర్చున్నాడు. "లాభం," అన్నాడు. రెండు. మూడు దగ్గర చెయ్యి పాత వేగం అందుకుంది. ఇరవై దాకా రేవు రేవంతా నిశ్శబ్దం. అప్పుడు మొహం సముద్రం వైపు తిరిగింది, చెయ్యి బుట్ట మీదికి వెళ్లింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

బరంపురంలో సాయంత్రం బండి. చెంబు ఒక ఏడాది బలరాం దగ్గర, ఒక ఏడాది నా దగ్గర ఉండాలని ఒప్పందం. వాడి వంతు ముందు. దాని బదులు నా సంచిలో చిన్నాన్న కాగితంలో కట్టిచ్చిన ఎండుచేపలున్నాయి. కిటికీలోంచి కొండలు ఒకదాని వెనక ఒకటి మసకబారుతున్నాయి, మూడు రోజులూ ఎవరో చెప్పిన కథలా అనిపిస్తోంది. మీరెవరైనా ఆ దారిన వెళితే దుప్పటి తీసుకెళ్లండి, మార్గశిర గురువారం మాత్రం చేపలడక్కండి. మిగతావన్నీ అడిగినదానికంటే కాస్త ఎక్కువే దొరుకుతాయి.

వాసనకి పక్క సీటావిడ ముక్కు మూసుకుంటుందనుకున్నాను. ఆవిడ సోంపేట మనిషట, పొట్లం విప్పించి మరీ చూసింది.

"బావున్నాయి. ఎన్నిచ్చినారేటి?"

"ఇరవయ్యండి."

ఆవిడ వేలితో ఒక్కొక్కటీ కదిపి లెక్కపెట్టింది. "ఇరవయ్యొకటున్నాయి గదా బాబూ."

"ఇరవయ్యేనమ్మా," అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.