మా చిన్నోడి ఎడమ మోకాలు

కుస్తీలో తొడలు కొట్టేవాళ్లంటే నాకు గిట్టదు. ఇంకా చెయ్యి కలపకముందే పదిసార్లు తొడ చరిచి, గుప్పెడు మట్టి గాల్లోకి చల్లి, జనం వైపు తిరిగి మీసం దువ్వేవాడిని చూస్తే, బియ్యం కడగకముందే కట్టెలన్నీ పొయ్యిలో పెట్టిన కోడలు గుర్తుకొస్తుంది. ఒంట్లో బలం కూడా ఇంట్లో జొన్నల లాంటిదే. చూసి తీయాలి. యాభై ఏళ్లకు పైగా జాతరల్లో కుస్తీలు చూశాను. నాకు నచ్చినవాళ్లు ముగ్గురే. ముగ్గురూ పొదుపు తెలిసినవాళ్లు. నా కడుపున పుట్టిన పహిల్వాన్ ఆ ముగ్గురిలో లేడు.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నేను మూడో తరగతి దాకా చదివాను. ఆడదానికి కుస్తీలేందని మా అత్త బతికినన్నాళ్లూ సాధించింది. మగవాళ్లు చీట్లాటకు పోయినప్పుడు ఆమె ఏమీ అనలేదు. మా దిక్కు జాతరలో కుస్తీలు కొబ్బరికాయతో మొదలవుతాయి. గెలిచిన పిల్లలకు కొబ్బరికాయ ఇస్తారు. పొద్దు వాలేసరికి పెద్ద పహిల్వాన్లు దిగుతారు, చివర గెలిచినవాడికి వెండి కడెం తొడుగుతారు. ఎవరితో ఎవరు పడాలో ఊరి పెద్దలే జోడు కడతారు. నేను ఆడవాళ్ల వైపు, ఎడ్లబండి మీద కూర్చుని చూసేదాన్ని. బండి మీద నుంచైతే కాళ్లు కనిపిస్తాయి. కుస్తీ అంతా కాళ్లలోనే ఉంటుంది. చేతులు చూసేవాళ్లకు ఎవరు పడ్డారో తెలుస్తుంది గాని ఎందుకు పడ్డారో తెలియదు.

మొదటివాడిని మా నాయన చూపించాడు. మల్దకల్ దిక్కు రైతు, ఒట్టి మెట్టభూమి మనిషి. బస్సు కోసం నిలబడ్డట్టు చేతులు వేలాడేసి నిలబడేవాడు. ఎదుటివాడు నెట్టితే వెనక్కి పోయేవాడు. మళ్లీ నెట్టితే మళ్లీ పోయేవాడు. జనం నవ్వేవాళ్లు. మూడోసారి నెట్టినప్పుడు ఈయన అక్కడ ఉండేవాడు కాదు. నెట్టినవాడు తన ఊపుకు తానే ముందుకు పోయి పడేవాడు. ఎదుటివాడి బలమే ఖర్చు పెట్టించి, తన బలం ఇంటికి తీసుకుపోయేవాడు. అంత పొదుపు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

రెండోవాడు కొత్తకోటలో పెద్ద రోడ్డు మీద లారీలు బాగుచేసే మనిషి. పొట్టివాడు. ఎంత కడిగినా పోని నల్ల గ్రీజు గోళ్ల సందుల్లో ఉండేది. ఆయన ఎదుటివాడి ముఖం చూసేవాడే కాదు. మణికట్టు ఒకటి పట్టుకుని, తల వంచి, బండి కింద పడుకుని ఏ నట్టు వదులైందో వెతికినట్టు వెతికేవాడు. వదులు దొరికేదాకా తొందరపడేవాడు కాదు. దొరికాక రెండో ప్రయత్నం ఉండేది కాదు. పడినవాడిని తనే లేపి వీపు మీద మట్టి దులిపేవాడు. వనపర్తి దగ్గర ఒక జాతరలో ఆయన కుస్తీ చూస్తూ ఒళ్లో ఏడుస్తున్న బిడ్డకు పాలివ్వడం మరిచిపోయాను. ఆ బిడ్డే మా చిన్నోడు. కాబట్టి వాడికి ఈ పిచ్చి ఎవరు పట్టించారని నన్ను ఎవరూ అడగనక్కరలేదు.

చిన్నోడికి ఇప్పుడు నలభై దగ్గరపడ్డాయి. పగలు మగ్గం, పొద్దున్నే తాలీంలో కుస్తీ సాధన. జనానికి వాడంటే ప్రాణం. ఎందుకంటే వాడు మెడ మీద కుస్తీ పడతాడు. వీపు నేలకు తగిలితే ఓడినట్టే, అందుకని ఎత్తి పడేసినా తగలనివ్వడు. తలా, రెండు మడమలూ నేలకు ఆనించి విల్లులాగా వంగుతాడు. ఎదుటివాడు ఛాతీ మీద కూర్చుని నొక్కుతుంటే ఆ మెడ మీదే నిలుస్తాడు. జనం గట్టిగా లెక్కపెడతారు. ఇరవై, ముప్పై. ఎదుటివాడు అలిసిపోయాక వీడు చేపలాగా తిరిగి పైకి వస్తాడు. ఈలలు, రూపాయలు, డప్పులు. నేను మాత్రం ఎప్పుడూ అదే అనుకునేదాన్ని. పడకుండా ఉండడం నేర్చుకోనివాడు, పడ్డాక నిలవడం నేర్చుకున్నాడు. ఒక అన్నానికి రెండు పొయ్యిలు.

మూడేళ్ల కింద వాడి కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. చీర అంచు పట్టు పోగునూ, చీర ఒంటి నూలు పోగునూ కలిపేచోట వేళ్లకు పోగు తెలియడం లేదని కోడలితో అన్నాడట. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు మెడ ఫోటో తీసి చూపించాడు. రెండు ఎముకల నడుమ జాగా లేదు. ఇంకొకసారి మెడ మీద బరువు పడితే రెండు చేతులూ పడిపోవచ్చని చెప్పాడు. కోడలు అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను కూర్చోలేదు. కుస్తీ మానమని అప్పటి నుంచి ఏటా అడుగుతూనే ఉన్నాను.

"ఈ ఒక్క ఏడు అమ్మా. కడెం తెచ్చి ఇడుస్త" అన్నాడు వాడు.

"పోయిన ఏడు గదే అన్నవ్."

"పోయిన ఏడు బరాబర్ అయింది గదా. గెలువలే, ఓడలే. గట్ల ఎట్ల ఇడుస్తరే?"

ఆ బరాబర్ కుస్తీ పడ్డవాడే నాకు నచ్చిన మూడోవాడు. రాయచూరు దిక్కు మనిషి. ముప్పై దాటి ఉంటాయి. పలకడు, నవ్వడు. నేసేవాడి కాళ్లు మగ్గం కింది పావుల మీద ఎట్లా ఆడతాయో అట్లా ఆడతాయి ఆయన కాళ్లు, చూడకుండానే ఎక్కడ వేయాలో వాటికి తెలిసినట్టు. ఒక్క పట్టు సరిపోయేచోట రెండోది పట్టడు. నాలుగేళ్లుగా ఆయన వస్తాడంటే నేను మోకాళ్ల నొప్పులతోనైనా పోయేదాన్ని. గట్టు మండలంలో ఒక పల్లె జాతరకు పెద్దలు మళ్లీ వీళ్లిద్దరికే జోడు కట్టారు. ఈసారి ఆ మనిషి మెడ కింది పట్టు నేర్చుకుని వస్తున్నాడని, చిన్నోడు యాభై లెక్క దాకా నిలుస్తాడని ఊరంతా మాట్లాడుకున్నారు. ఇంట్లో ఎవరు చెప్పినా వాడు వినలేదు. కోడలు రెండు రోజులు అన్నం తినలేదు. వాడు తిన్నాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

జాతర రోజు పొద్దున ఆ రాయచూరు మనిషి చాయ్ డబ్బా వెనుక ఒక కుర్చీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముసలిదాన్ని, ఎటు పోయినా ఎవరూ అడగరు. పోయి ఎదురుగా నిలబడ్డాను.

"కూసో అవ్వా" అని పక్కనున్న ఇంకో కుర్చీ నా వైపు జరిపాడు.

"నీ కుస్తీ నాలుగేండ్ల సంది చూస్తున్న. ఒక్క పట్టు ఎక్కువ పట్టవు నువ్వు."

ఆయన మొదటిసారి నవ్వడం చూశాను. "మా ఊర్ల గట్ల అనరవ్వా. వీడు జనానికి ఆట చూపియ్యడు, వీనికి పెట్టిన కూడు దండగ అంటరు."

"జనానికేం తెల్వదు."

"నీకెట్ల ఎరుక?"

"ఇయ్యాల నీతోని పడేటోని తల్లిని."

ఆయన లేచి నిలబడ్డాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. మెడ సంగతి చెప్పాను. డాక్టరు మాట చెప్పాను. ఆ తర్వాత తల్లి చెప్పకూడనిది చెప్పాను.

"చెయ్యి కలిపినంక వాడొకసారి తల ఎత్తి చూస్తడు. గప్పుడు బరువంత ఎడమ కాలు మీదుంటది. ఆ మోకాలు చిన్నప్పుడే తప్పింది, మగ్గం గుంతల పడి. లోపటికి గుంజితే నిలవదు. వాణ్ని ఎత్తకు. పసిపిల్లను పండవెట్టినట్టు పండవెట్టు. రెండు బుజాలు ఒక్కపారి తాకాలె. మెడ దాక రానియ్యకు."

ఆయన చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పోయిన ఏటి సంది ఈయనను గెలవాలనే దినాం మట్టిల పడుతున్నవ్వా. గెలిస్తె నేను గెలవాలె గదా."

"గెలుపు నీదే గదా. నేనేమన్న బరిలకు వస్తున్ననా?"

"ఎట్ల నాదవుతది?"

"నీకు తల్లి ఉన్నదా?" అని అడిగాను. ఉందన్నట్టు తలూపాడు. "అయితే ఇగ నన్నేమడగకు" అని లేచి వచ్చేశాను. ఆయన చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు.

పొద్దు వాలాక డప్పులు జోరందుకున్నాయి. చిన్నోడు దిగాడు. చెయ్యి కలిపారు. వాడు తల ఎత్తి చూశాడు. నేను చెప్పిన చోటనే, నేను చెప్పిన గడియలోనే ఆ మనిషి కాలు లోపలికి పోయింది. ఒక చెయ్యి మోకాలి వెనుక, ఒక చెయ్యి వాడి తల కింద. అవును, తల కింద చెయ్యి పెట్టాడు. అది నేను చెప్పలేదు. చిన్నోడి రెండు భుజాలూ ఒక్కసారే మట్టికి తాకాయి. మెడకు దుమ్ము కూడా అంటలేదు.

నేను చూసిన కుస్తీలన్నిటిలో అంత శుభ్రమైనది లేదు. ఒక్క వేలు కూడా దండగ కాలేదు. అయినా నోట్లో మన్ను పోసుకున్నట్టే ఉంది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. డప్పువాడు ఇంకా కొడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత వెనుక నుంచి ఎవడో అన్నాడు, "పహిల్వాన్‌కు నిద్దరొచ్చింది, జర చాప తేండ్రి." నవ్వులు. ఇంకొకడు, "ఎంతకు మాట్లాడుకున్నర్రా ఇద్దరు? మాకు గూడ చెప్తే ఇంటికాడనే ఉంటుంటిమి." ఆ మాటతో అందరికీ అర్థమైపోయినట్టే అయింది. యాభై లెక్కపెడదామని వచ్చినవాళ్లు ఒకటి కూడా లెక్కపెట్టలేదు. చెప్పులు పడ్డాయి. పెద్దలు కడెం తొడగబోతే ఆ రాయచూరు మనిషి చెయ్యి చాచలేదు. వాళ్లే చేతిలో పెడితే, తలగుడ్డలో చుట్టుకుని, ఎవరినీ చూడకుండా బస్సు దిక్కు నడిచిపోయాడు.

చిన్నోడు రెండు రోజులు తాలీంకు పోలేదు. మూడో రోజు మగ్గం మీద నుంచే, తల తిప్పకుండా అడిగాడు.

"మోకాలి సంగతి మా తాలీంల గూడ ఎవ్వనికి తెల్వదు. నూనె రుద్దే నీకొక్కదానికే ఎరుక."

"నేనే చెప్పిన" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు.

కోడలు కండె చుడుతున్న చెయ్యి ఆపింది. వాడు అరుస్తాడనుకుంటే మెల్లగా అడిగాడు.

"కన్నదానివని అమ్ముకుంటవా అమ్మా?"

"అమ్మలే. ఉత్తగనే ఇచ్చిన."

"ఊరంత నేను పైసలు తీస్కున్న అంటుండ్రు. పదిహేనేండ్లు మట్టిల పడ్డ. ఒక్కనాడు ఎవ్వని చాయ్ గూడ తాగలే. పోయి చెప్తవా పెద్దలకు, నేనే చెప్పిన, వానికేం తెల్వదని?"

"చెప్తే నిన్ను మల్ల జోడు కడతరు."

"కట్టనీ."

"అయితే చెప్ప."

వాడు అప్పుడు నా వైపు తిరిగి చూశాడు. చూసి, మళ్లీ పని మొదలుపెట్టాడు. వాడు తనంతట తాను ఎవరికీ చెప్పుకోలేడని నాకు తెలుసు. అమ్ముడుపోయాడనిపించుకోవడం ఒక సిగ్గు. అమ్మ పట్టిచ్చిందని చెప్పుకోవడం అంతకన్నా పెద్ద సిగ్గు. ఆ లెక్క వేసుకునే నేను చాయ్ డబ్బా దగ్గరికి పోయానని ఎవరైనా అంటే కాదనను.

అప్పటి నుంచి వాడిని ఏ జాతరకూ పిలవలేదు. తాలీంలో ఉస్తాద్ రావద్దని చెప్పలేదు గాని, వాడు పోతే జోడు కలిపేవాళ్లు లేరు. వాడే మానుకున్నాడు. వేళ్ల తిమ్మిరి తగ్గిందని కోడలు చెప్పింది. పోగు తెలుస్తోందట. నెలకు రెండు చీరలు దిగుతున్నాయి. మోకాలికి నూనె ఇప్పుడు కోడలే రుద్దుతుంది. నేను వడ్డిస్తే తింటాడు, ఇంకొంచెం వేయనా అంటే చెయ్యి అడ్డం పెడతాడు. రాయచూరు మనిషి ఈ దిక్కు జాతరలకు రావడం మానేశాడు. ఎందుకని ఎవరినీ అడగలేదు. నాకు చూడదగ్గ కుస్తీ ఇప్పుడు లేదు. ఎవరో తొడలు కొట్టుకుంటుంటే చూడడానికి బండి ఎక్కే వయసూ కాదు.

మొన్న నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటుంటే పక్కింటామె దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో అడిగింది. చెడ్డ మనిషి కాదు. మా చిన్నోడిని ఎత్తుకుని తిప్పినామె.

"అవ్వా, ఏమనుకోకు. నిజంగనే పైసలు తీస్కున్నడా మీవోడు?"

మా ఇంటి తలుపు తీసే ఉంది. లోపల మగ్గం ఆడుతోంది. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఈమెకు చెబితే పొద్దుగూకేలోపు ఊరంతా తెలుస్తుంది, పెద్దలకూ తెలుస్తుంది.

"నాకేం తెల్వదు" అన్నాను.

లోపల మగ్గం ఆగింది. పక్కింటామె ఇంకేదో అంది, వినలేదు. బిందె ఎత్తుకుని వచ్చి, మగ్గం మళ్లీ కదిలేదాకా గడపలోనే నిలబడ్డాను. బిందె బరువుకు నడుము వంగింది. మగ్గం చాలాసేపటికి గాని కదలలేదు.