సర్దుకోమన్నారు

తొంభైల్లో రాజమండ్రి చుట్టుపక్కల షూటింగులకు లోటు లేదు. మా ఇల్లు గోదావరి గట్టును ఆనుకుని ఉండటంతో సినిమా వాళ్లు ముందుగది అడిగేవారు. హీరో గారికి ఏసీ బండి ఉండేది. డాన్సు పిల్లలందరికీ కలిపి నా ముందుగది, నా దొడ్డి. తలుపుకి గొళ్లెం ఊడిపోయింది. అందుకని వాళ్లు బట్టలు మార్చుకున్నంతసేపూ నేనే గడపలో కూర్చునేదాన్ని. రాత్రిబడిలో అప్పుడప్పుడే అక్షరాలు పట్టుబడుతున్నాయి నాకు. పేపరు కూడబలుక్కుంటూ కాపలా కాసేదాన్ని.

వాళ్లలో జంగారెడ్డిగూడెం పిల్ల ఒకతె. ఏళ్ల తరబడి గుంపులో ఎగిరాక మొదటిసారి మాట ఉన్న వేషం వచ్చింది. హీరోయిన్ చెల్లెలట. పరిగెత్తుకొచ్చి, "అక్కా, పడవ వచ్చేసింది" అనాలి. అంతే. పొద్దుటినుంచీ ఆ ముక్కే నామీద ప్రయోగిస్తోంది. నవ్వుతూ చెప్పనా, రొప్పుతూ చెప్పనా అని అడిగింది. పరిగెత్తిన మనిషివి రొప్పక ఏం చేస్తావన్నాను.

భోజనాలయ్యాక మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు, గడప దాటడు.

"సాయంత్రం సీనండి. ఈలోపు డైరెక్టరు గారు లాడ్జిలో మాట్లాడతారంట. ఆ అమ్మాయిని కాస్త సర్దుకోమని చెప్పండి పిన్నిగారూ. మీరు చెబితే వింటుంది."

వేషం పెరిగింది, లాడ్జిలో గది ఇస్తున్నారు కాబోలని సంబరపడ్డాను. ఆ పిల్ల దొడ్లో ఉంటే నేనే తన బట్టలు మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టాను. వచ్చి చూసి, ఇదేంటని అడిగింది. చెప్పాను.

"సర్దుకోమన్నారా? ఆ మాటే అన్నారా అండీ?"

"ఆ మాటే."

సంచి పక్కన కూలబడింది. వాళ్ల లోకంలో ఆ మాటకు అర్థం బట్టలు సర్దుకోవడం కాదట, డైరెక్టరు అడిగినదానికి మనిషే సర్దుకుపోవడమట. నా చేతిలో సగం మడిచిన లంగా ఉంది.

బయట కారు హారను మోగింది. వెళ్లకపోతే వేషం పోతుంది. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు, నాకూ అర్థమైంది.

"నీ ఇష్టమమ్మా. గొళ్లెం లేదు గానీ, నేను గడపలోంచి లేవను" అన్నాను.

హారను మళ్లీ మోగింది. అప్పుడు నా చేతిలోని లంగా తీసుకుని సంచిలో కుక్కి జిప్పు లాగేసింది.

"సర్దుకున్నానని చెప్పండి. బస్టాండుకి."

లైట్ల వాళ్లకు కూడా వినపడేలా చెప్పాను. మేనేజరు మొహంలో నవ్వు పోయింది.

"ఇలాగైతే ఆ పిల్ల మళ్లీ ఏ సెట్టులోనూ కనపడదండి, పిన్నిగారూ."

అండీ మాత్రం వదల్లేదు.

పొద్దుగూకే వేళ గట్టు మీద ఆ వేషంలో గుంపులోని ఇంకో పిల్ల నిలబడింది. "అక్కా, పడవ వచ్చేసింది." రొప్పలేదు. తల దించుకుని చెప్పింది. బాగుందన్నారు అందరూ.

ఈసారి, ఈ పిల్లకు సర్దుకోమని చెప్పమంటూ నా గడప దగ్గరికి ఎవరూ రాలేదు.